థిర్జా ములుగర్ర

థిర్జా నాన్‌కారో నోరు మంచిది కాదని మా రేవులో అందరూ అంటారు. అననివ్వండి. ఆ నోటి ముందు కూర్చుని ఏళ్ళ తరబడి తెడ్డు వేసినదాన్ని నేను. ఆ నోరే లేకపోతే మా పోర్త్‌వీన్ ఆడవాళ్ళకి ఈనాటికీ పడవ ఉండేది కాదు. గట్టు మీద నిలబడి మగాళ్ళకి రుమాళ్ళు ఊపుకుంటూ, వాళ్ళు తిరిగొచ్చేసరికి టీ కాచిపెట్టుకుంటూ బతికేసేవాళ్ళం. ఎవరికైనా అదే బాగుండేదనిపిస్తే నా ఎదుటికొచ్చి చెప్పమనండి.

థిర్జా తండ్రి పీతలు పట్టేవాడు. ఆ రోజుల్లో కార్న్‌వాల్ రేవుల్లో ఆడమనిషి పడవలో కాలు పెడితే చేపలు పారిపోతాయనే నమ్మకం ఉండేది. పొద్దున్నే ఆడమనిషి ఎదురొస్తే వలలు భుజాన వేసుకుని ఇంటికి తిరిగి వెళ్ళిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. ఈ పిల్ల చూస్తే తెల్లారకుండానే వెళ్ళి తండ్రి పడవలో కూర్చునేది. తండ్రి చెవి పట్టుకుని కిందికి దించేవాడు. మర్నాడు మళ్ళీ అదే పడవ, అదే చెవి. "మా నాన్న లాగీ లాగీ ఈ చెవి పెద్దదైపోయింది. అందుకే నాకన్నీ వినపడతాయి" అంటుంది ఇప్పటికీ.

పెద్దయ్యాక వలలు బాగుచేసే అటకగదిలో పనికి కుదిరింది. మగాళ్ళు పందేలకి కొత్తగా ఆరు తెడ్ల పడవ చేయించుకున్నప్పుడు పాతది షెడ్డు వెనక బోర్లా పడేశారు. థిర్జా వెళ్ళి అది నాకిచ్చెయ్యండి అంది. నీకెందుకన్నారు. కోళ్ళని పెట్టుకుంటానంది. ఓస్, అంతేగా అని ఇచ్చేశారు. ఆ చలికాలమంతా కూర్చుని పగుళ్ళు పూడ్చి, తారు పూసి, వేసవి రాగానే నీళ్ళలోకి దించింది. "కోళ్ళేవీ?" అని అడిగినవాడికి, తెడ్లు పట్టుకుని నిలబడ్డ మమ్మల్ని ఆరుగురినీ చూపించింది.

ఆ ఆరుగురినీ ఇంటింటికీ తిరిగి పోగుచేసింది కూడా తనే. నేను రొట్టెల దుకాణంలో కజ్జికాయల్లా ఉండే పాస్టీల అంచులు మడిచేదాన్ని. ఒకరోజు లోపలికొచ్చింది. ఏమీ కొనలేదు. నా చేతులకేసి చూస్తూ నిలబడింది.

"ఏమే కెరెన్సా, దేవుడు నీకీ చేతులిచ్చింది పిండి నొక్కడానికేనా?"

"నాకు ఈత రాదు థిర్జా."

"నాకు మాత్రం వచ్చా? పడవ ఉండేదే ఈత రానివాళ్ళ కోసం. ఆదివారం రా."

వెళ్ళాను. వెళ్ళకపోతే దుకాణం ముందు రోజూ నిలబడి ఉండేది. ఆవిడ సంగతి నాకు తెలుసు.

మా ఇంగ్లీషులో మనిషిని కదిలించే మాటలకి కొదవలేదు. బతిమాలడానికొకటి, బుజ్జగించడానికొకటి, ఉబ్బేయడానికొకటి, ఎగదోయడానికొకటి, చెవిలో జోరీగలా పోరు పెట్టడానికొకటి. థిర్జాకి మాత్రం వాటన్నిటిలోకీ ఎద్దుని ములుగర్రతో పొడిచినట్టు పొడవడమనే మాటే నచ్చింది. కానీ ఆ ములుగర్రకి ముల్లు తను పెట్టదు. ఎవరి ముల్లు వాళ్ళే తెచ్చుకోవాలి. మా పడవలో ఆచారం అది.

ఎలాగంటే, కొత్తగా చేరిన మనిషి చేతులకి బొబ్బలెక్కి, అవి పగిలి, కాస్త గట్టిపడ్డాక, థిర్జా ఆమెని అటకగదికి తీసుకెళ్తుంది. నల్లటి టీ కాచి ఇస్తుంది. తలుపేసి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది. "నిన్ను ఏ మాటంటే ఒళ్ళు మండుతుందే?" ఆ మాట చెప్పాలి. ఎవరన్నారో, ఎందుకన్నారో చెప్పక్కర్లేదు. చుక్కాని పట్టుకుని మాకెదురుగా కూర్చునే థిర్జా దాన్ని దాచిపెట్టుకుని, పందెంలో చివరి మలుపు తిరిగాక, ఊపిరందక చేతులు పడిపోయే సమయంలో, ఒకే ఒక్కసారి విసురుతుంది. గట్టు మీద చచ్చినా అనదు. పడవలో విన్న మిగతావాళ్ళం కూడా గట్టు మీద ఎత్తం.

మీరు మా ఊరివాళ్ళు కాదు కాబట్టి నాది చెబుతాను. "కెరెన్సా, మీ అక్కయితే ఈపాటికి చేరిపోయేది!" అది వినపడితే చాలు, నాకు కళ్ళు కనపడవు. మా పడవలోనే బెరిల్‌ది ఇంకోరకం. ఆమెని తిడితే తెడ్డొదిలేసి ఏడుస్తుంది. అందుకని ఆ చివరి మలుపులో థిర్జా గొంతు తేనె చేసుకుని "నా బంగారు తల్లీ, నా వెన్నముద్దా" అంటుంది. పక్క పడవవాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనీ. బెరిల్ భుజాలు మీరు చూడలేదు.

మాలో ఒకామె మానేశాక, ఆమె చోట హెస్టర్ రౌస్ ఒక ఏడాది వసంతంలో వచ్చింది. రేవు గట్టు మీద తాళ్ళూ రంగులూ అమ్మే ఎడ్విన్ రౌస్ భార్య. ఎడ్విన్ అంటే ఊళ్ళో అందరికీ గౌరవం. మా పడవ పందేల సంఘానికి ఏటా రంగూ తాళ్ళూ ఊరికే ఇచ్చేవాడు. గొంతెత్తి మాట్లాడగా ఎవరూ వినలేదు. భార్య చేతిలో సంచీ కనపడితే పరుగెత్తుకొచ్చి అందుకునేవాడు. "హెస్టర్ ఎంత అదృష్టవంతురాలో" అని మా అమ్మ నాకు కనీసం నెలకోసారి వినిపించేది, మా ఆయన వినేలా.

ఆ అదృష్టవంతురాలు మొదట్లో తెడ్డు నీళ్ళకి తగిలినా సారీ చెప్పేది. నిజంగానే. నీళ్ళకి సారీ, ముందు కూర్చున్నవాళ్ళకి సారీ, వెనకున్నవాళ్ళకి సారీ. థిర్జా తల పట్టుకుంది. "ఈ సముద్రం ఎవరి సారీలూ పుచ్చుకోదే తల్లీ, లాగు!" నెమ్మదిగా చేతులు గట్టిపడ్డాయి. ఒకరోజు ఆమెనీ అటకగదికి తీసుకెళ్ళింది. హెస్టర్ బయటికొచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నడుం మాత్రం నిటారుగా ఉంది. మర్నాటినుంచి థిర్జా ఆమెని తనకెదురుగా, మొదటి తెడ్డు దగ్గర కూర్చోబెట్టింది. మిగిలిన అయిదు తెడ్లూ ఆ తెడ్డునే చూసి కదలాలి.

మా రేవు పందేల రోజున గాలి పడిపోయింది. గాలి లేని రోజున నీళ్ళ మీద మాట ఎంత దూరం పోతుందో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ హడావిడిలో ఎవరికీ గుర్తులేదు. చివరి మలుపు తిరిగాం. మా కంటే ముందు పొరుగు రేవు పడవ పోతోంది. థిర్జా ఒక్కొక్కరికీ వాళ్ళ వాళ్ళ ముల్లు గుచ్చుకుంటూ వచ్చి, ఆఖరికి హెస్టర్ మొహంలోకి వంగి అరిచింది.

"వదిలెయ్ హెస్టర్! నీ వల్ల కాదులే!"

హెస్టర్ వెనకే కూర్చున్నాను నేను. ఆ వీపు అలా బిగుసుకోవడం అంతకు ముందు నేనెప్పుడూ చూడలేదు. తెడ్డు విరుగుతుందనుకున్నాను. అయిదుగురం ఆమె వెంట పడి లాగాం. గెలిచాం కూడా.

గట్టెక్కేసరికి ఎడ్విన్ రౌస్ పాలిపోయిన మొహంతో నిలబడి ఉన్నాడు.

"మిసెస్ నాన్‌కారో, మీరు మా ఆవిడని అన్న మాట రేవంతా విన్నది. ఇంతమందిలో ఒక ఆడమనిషిని అంత చులకనగానా? మర్యాదస్తులు అనే మాటేనా అది?"

థిర్జా చుక్కాని తాళ్ళు చుట్టుకుంటూ అతనికేసి ఒకసారి, హెస్టర్‌కేసి ఒకసారి చూసింది. "పడవలో మాట పడవలోనే మిస్టర్ రౌస్" అంది.

 ఎడ్విన్ ఆమె తడిసిన భుజాల మీద తన కోటు కప్పి, చేతిలో సంచీ తీసుకుని ఇంటికి నడిపించుకుపోయాడు.

రెండు రోజులు కాకుండానే సంఘం పెద్ద డెన్‌జిల్ హాకిన్ అటకగదికి వచ్చాడు. రిటైరైన హెడ్మాస్టరు. మనిషి మంచివాడే, కానీ ఎవరు చివర మాట్లాడితే వాళ్ళ మాటే నిజమనుకుంటాడు. అప్పుడు నేనక్కడే వల కొస పట్టుకుని కూర్చున్నాను. డెన్‌జిల్ జేబులోంచి ఒక అట్టముక్క తీశాడు.

"చూడు థిర్జా, కాలం మారింది. మనుషుల్ని ప్రోత్సహించాలి కానీ పొడవకూడదు. నేనే కూర్చుని కొన్ని మంచి మాటలు రాసుకొచ్చాను."

థిర్జా కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివింది. "వెల్ డన్. గుడ్ జాబ్. కీప్ గోయింగ్. మీరందరూ నాకు సమానమే." కళ్ళజోడు తీసేసింది. "ఇది పడవ కోసమా డెన్‌జిల్, ఎవరికైనా పళ్ళు పీకేటప్పుడు పక్కన నిలబడి చదవడానికా?"

"వెటకారం ఎందుకు? ఎడ్విన్ చాలా బాధపడుతున్నాడు. హెస్టర్‌కి క్షమాపణ చెప్పు, ఇకనుంచి ఈ మాటలే వాడతానను. లేదంటే శుక్రవారం మీటింగులో నీ చోటు ఇంకొకరికి ఇవ్వాల్సొస్తుంది. జిల్లా పందెం వచ్చే ఆదివారమే కదా."

"హెస్టర్ అడిగిందా క్షమాపణ?"

"ఆమె తరఫున ఎడ్విన్ అడుగుతున్నాడు."

"అయితే హెస్టర్ తరఫున నేను ఒప్పుకోవడం లేదని చెప్పు" అంది థిర్జా, మళ్ళీ వల మీదికి వంగుతూ.

డెన్‌జిల్ మెట్లు దిగగానే ఆవిడ మీద విరుచుకుపడ్డాను. "చెప్పేస్తే పోయేదానికి ఎందుకీ మొండితనం? ఆ మాట హెస్టరే ఇచ్చిందని ఒక్క ముక్క చెప్పు. అందరి నోళ్ళూ మూతపడతాయి."

"నోర్ముయ్యవే. గట్టు మీద ఆ మాట ఎత్తితే, ఎవరన్నారు, ఎప్పుడన్నారు అని ఊరంతా ఆ పిల్లని కుళ్ళబొడుస్తారు. నన్ను నమ్మి ఇచ్చింది. నా చోటు కోసం దాన్ని బజార్న పెట్టనా?"

"నీ చోటు పోతే నీకింకేం ఉందే?"

అనకూడని మాటే అది. భర్త పోయాడు, పిల్లల్లేరు, తుంటి అరిగి సరిగ్గా నడవలేదు. ఆ పడవ వెనక చెక్క మీద కూర్చున్నప్పుడే ఆవిడ నిటారుగా ఉంటుంది. థిర్జా నాకేసి చూడకుండా దారం కొరికింది.

"ఏం ఉందో నాకు తెలుసు. నువ్వా కొస సరిగ్గా పట్టుకో."

గురువారం మధ్యాహ్నం వల దారం కోసం ఎడ్విన్ దుకాణానికి వెళ్ళాను. హెస్టర్ నిచ్చెన మీద ఉంది, పై అరలోంచి రంగు డబ్బా దించుతోంది. డబ్బా చిన్నదే. అప్పటికే చేతుల్లోకి వచ్చేసింది కూడా. బల్ల దగ్గర లెక్క చూసుకుంటున్న ఎడ్విన్ తలెత్తి నవ్వాడు. ఎంతో ప్రేమగా, పసిపిల్లతో అన్నట్టు అన్నాడు.

"వదిలెయ్ హెస్టర్. నీ వల్ల కాదులే. నేను తీస్తాగా."

నా చేతిలో దారం ఉండ జారి కింద పడింది. అతనికి తను ఏమన్నాడో తెలియలేదు. తలుపు తెరవడమెలాగో, టోపీ తీయడమెలాగో, ఈ మాటా అలాగే అతనికి అలవాటు. రోజుకెన్నిసార్లంటాడో, పెళ్ళయిన నాటినుంచీ ఎన్నిసార్లన్నాడో. గట్టు మీదికి వినపడిన మాట తన మాటేనని అతనికి తోచనే లేదు, థిర్జా దాన్ని అరిచింది కాబట్టి. హెస్టర్ నిచ్చెన మీదినుంచి నన్ను చూసింది. నాకు తెలిసిపోయిందని ఆమెకి తెలిసింది. డబ్బా మళ్ళీ అరలో పెట్టేసి, చప్పుడు కాకుండా దిగింది.

నాకు అప్పటికప్పుడు ఆ బల్ల మీద గుద్ది అడగాలనిపించింది. థిర్జా మాట గుర్తొచ్చి, దారం తీసుకుని, బయటికొచ్చి, దారిలో కనపడిన సముద్రపు కాకినల్లా తిట్టుకుంటూ ఇంటికి పోయాను.

శుక్రవారం పడవల షెడ్డు పక్కన గదిలో మీటింగు. సంఘం వాళ్ళు బల్లకి అటు, థిర్జా, మేమారుగురం ఇటు. ఎడ్విన్ హెస్టర్ కుర్చీ వెనక, ఆమె భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. మొదట అతనే మాట్లాడాడు. అబద్ధమాడుతున్నాడని నేననను. భార్యని ఎవరో అవమానించారని అతను మనస్ఫూర్తిగా బాధపడుతున్నాడు. అందుకే నాకింకా ఒళ్ళు మండింది.

"ధైర్యం చెప్పాల్సిన చోట నీ వల్ల కాదంటారా? ఆ మాట మనిషిని ఎంత కుంగదీస్తుందో ఆవిడకి తెలుసా?" అన్నాడు.

"తెలుసా థిర్జా?" అన్నాడు డెన్‌జిల్.

"తెలుసు" అంది థిర్జా.

"మరి ఎందుకన్నావు?"

"చెప్పను."

"క్షమాపణ?"

"చెప్పను."

"ఈ అట్ట మీద మాటలైనా..."

"డెన్‌జిల్, అట్ట నువ్వు చదువుకో, పడవ నువ్వు నడుపుకో." థిర్జా చుక్కాని తాళ్ళు ఒళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టింది.  తాళ్ళ మీదినుంచి చెయ్యి తీయడానికి కాస్త సమయం పట్టింది. "మీ చెరువులో పెంపుడు చేపలా ఎవరికి కావాలంటే వాళ్ళకి లొంగి బతకడం నాకు చేతకాదు. దించుతారా, దించండి."

నేను లేవబోయాను. బల్ల కింద థిర్జా బూటు నా కాలి మీద పడింది, ఎముక విరిగేలా. కూర్చున్నాను.

డెన్‌జిల్ గొంతు సవరించుకున్నాడు. "అయితే చేతులెత్తే వాళ్ళు..."

అప్పుడు హెస్టర్ లేచింది. ఎడ్విన్ చెయ్యి ఆమె భుజం మీదినుంచి జారిపోయింది.

"ఆ మాట థిర్జాకిచ్చింది నేను" అంది. గొంతు పీలగా వచ్చింది. ఇంకోసారి, గట్టిగా అంది. "నేనే ఇచ్చాను. అనమని అడిగాను. ఆవిడ తప్పేం లేదు."

"అదేంటి హెస్టర్" అంటూ ఎడ్విన్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు, ఎప్పట్లాగే మెత్తగా. "నువ్వు కంగారుపడుతున్నావు. కూర్చో. నేను మాట్లాడుతున్నాగా. వదిలెయ్ హెస్టర్, ఇది నీ వల్ల..."

ఆగిపోయాడు.

 బయట ఎవరో పడవ మీద సుత్తితో కొడుతున్న చప్పుడు వినపడుతోంది. బెరిల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డెన్‌జిల్ అతన్నీ, ఆమెనీ, మళ్ళీ అతన్నీ చూశాడు. ఎడ్విన్ మొహంలోంచి నెత్తురు దిగిపోవడం నా కళ్ళారా చూశాను. తన మాట తన చెవిన పడటం అతనికి బహుశా అదే మొదటిసారి.

"పూర్తి చెయ్యి ఎడ్విన్" అంది హెస్టర్. "అందరూ వింటున్నారు. పూర్తి చెయ్యి."

అతను పూర్తి చేయలేదు. హెస్టర్ ఎదురు చూసింది. మేమందరం తలలు దించుకునేదాకా ఎదురు చూసింది. తర్వాత తన మోచెయ్యి విడిపించుకుని, బల్ల మీది తాళ్ళు తీసి థిర్జా ఒళ్ళో పడేసి, సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచింది. ఎడ్విన్ కాస్త ఆగి వెనకే వెళ్ళాడు. సంచీ అడగలేదు.

డెన్‌జిల్ అట్టముక్కని జేబులో పెట్టుకుని, "టీ ఎవరికి కావాలి?" అన్నాడు.

థిర్జా సంతోషించి ఉంటుందని మీరనుకుంటే ఆవిడ మీకింకా అర్థం కాలేదన్నమాట. మర్నాడు రేవులో హెస్టర్ కనపడగానే ఎలక మీదా పిల్లి మీదా పెట్టకుండా నేరుగానే తగులుకుంది. "నిన్నెవరు చెప్పమన్నారే? పడవలో మాట గట్టెక్కిస్తావా? నా చోటు నేను కాపాడుకోలేననుకున్నావా?"

"కాపాడుకోలేవు" అంది హెస్టర్. "తాళ్ళు బల్ల మీద పెట్టేశావుగా."

థిర్జా నోరు తెరిచి మూసింది. ఆ నోరు అలా మూతపడటం చూసినవాళ్ళు ఈ భూమ్మీద మేమారుగురమే.

మీటింగైన రాత్రి ఎడ్విన్ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. అడగలేదు. హెస్టర్ ఆ ఇంట్లోనే ఉంది, ఇప్పటికీ ఉంది. ఆ ఏడాది మా పడవకి రంగు మాత్రం మేమే కొనుక్కున్నాం, అదీ వేరే ఊళ్ళో.

జిల్లా పందెం రోజున గాలి ఎదురు కొట్టింది. అలలు పడవలోకి పడుతున్నాయి. చివరి మలుపు తిరిగేసరికి మా ముందు రెండు పడవలున్నాయి. నా అరచేతుల్లో చర్మం లేదు. థిర్జా వరసగా మొదలుపెట్టింది. బెరిల్‌కి వెన్నముద్ద అందింది. నాకు మా అక్క అందింది, ఆ మాట వినగానే నా చేతులు మళ్ళీ నావయ్యాయి. ఒక పడవని దాటేశాం. అందరి వంతూ అయింది. హెస్టర్‌కి ఏమీ రాలేదు.

"నాకు?" అని అరిచింది హెస్టర్, తెడ్డు ఆపకుండా. "థిర్జా! నా మాటేదీ?"

థిర్జా మొహం నిండా ఉప్పునీళ్ళు. చుక్కాని తాళ్ళు రెండు చేతులా బిగించి, ముందుకి వంగి ఆమెని చూసింది.

"ఏం మాటే నీకు? నీకింక ముల్లు దిగదు. లాగు!"

హెస్టర్ లాగింది. మేమందరం ఆమె వెంట లాగాం. ముందు పడవని అందుకోలేకపోయాం, ఒక్క తెడ్డు దూరంలో రెండోవాళ్ళుగా వచ్చాం. ఇంటికి తిరిగి వచ్చే దారంతా థిర్జా మమ్మల్ని ఆరుగురినీ వరసపెట్టి తిట్టింది. అందరికంటే ఎక్కువ తిట్లు హెస్టర్‌కే పడ్డాయి. ఆమె ఒక్కదానికీ సారీ చెప్పలేదు.